హమాలీలను వెనక్కి తీసుకురావడానికి వెళ్లి…

నవంబరు 3, ఆదివారం

మిర్యాలగూడలో దీపావళి టపాసుల వాసన పోకముందే మిల్లుల్లో గోల మొదలవుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం వరి కోతకు వస్తుంది, ధాన్యం లారీలు గేటు బయట బారులు తీరతాయి. సరిగ్గా అప్పుడే హమాలీలు మూటలు సర్దుకుని, సూర్యుడికి మొక్కే ఛఠ్ పండగకు బిహార్ బయలుదేరతారు. దించే మనిషి లేక లారీలు ఆగిపోతాయి. మిల్లు యజమానులు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని వాళ్లను తిట్టుకుంటారు. ఏటా ఇదే తంతు.

ఈ 2024లో మా యజమానికి ఒక ఉపాయం తట్టింది. హమాలీలతో పాటు గుమాస్తానైన నన్నూ పంపడం. "పండగ కాగానే అందరినీ వెంటబెట్టుకుని రా. తిరుగు టికెట్లు నీ దగ్గరే ఉంచుకో, వాళ్ల చేతికివ్వకు" అన్నారు. నాకూ అది తెలివైన ఆలోచనే అనిపించింది.

బిహార్ వాళ్ల మీద నా అభిప్రాయం మిల్లులో ఎవరిని అడిగినా చెబుతారు. లారీ నుంచి బస్తాలు దించాక వాళ్లు చెప్పిన లెక్కను నేను మళ్లీ ఎంచుతాను. పక్క ఊరి హమాలీలు దించితే ఎంచను. ఏదైనా వస్తువు కనపడకపోతే నా చూపు ముందు వాళ్ల గదుల వైపే పోతుంది. మంచినీళ్ల దగ్గర వాళ్లకు వేరే గ్లాసు పెట్టించింది కూడా నేనే. వాళ్లు నన్ను మోసం చేసిన సందర్భం ఒక్కటి చెప్పమంటే చెప్పలేను. ఊళ్లో అందరూ అనే మాటే నేనూ అన్నాను. అనగా అనగా అది నా అనుభవమే అన్నట్టు తయారైంది.

ఇందులో మా హమాలీ మేస్త్రీకి మాత్రం మినహాయింపు. లారీలోంచి గుప్పెడు ధాన్యం తీసి, ఒక గింజ కొరికి "పందొమ్మిది" అంటాడు. మిషన్‌లో పోసి చూస్తే తేమ పద్దెనిమిదిన్నరో పందొమ్మిదో ఉంటుంది. ప్రభుత్వం కొనే ధాన్యానికి తేమ 17 శాతం దాటకూడదు. దాటితే తరుగు గొడవే. అలాంటి చోట మిషన్ కంటే ముందు మాట చెప్పే పళ్లున్న మనిషిని ఎవరు గౌరవించరు? రాత్రి కరెంటు పోయినప్పుడు సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతో గీసుకుని పులి–మేక ఆడేవాళ్లం. వాళ్ల ఊళ్లోనూ ఆ ఆట ఉందట. గీతలు కాస్త వేరు, పులి బుద్ధి ఒకటే. అలా మేం స్నేహితులమయ్యాం. "మా మేస్త్రీ మిగతా బిహార్ వాళ్లలాంటి వాడు కాదు" అని పదిమందిలో చెప్పేవాణ్ని. అతను పక్కన ఉండగానే చెప్పేవాణ్ని, మెచ్చుకోలుగా. అతను తల వంచుకుని అరచేతిలో ఖైనీ పొగాకు నలుపుకునేవాడు.

సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నా సంచికి గొలుసు చుట్టి బెర్తు కింద తాళం వేస్తుంటే మేస్త్రీ చూసి, తన సంచి పైకెత్తి చూపించాడు. దానికీ గొలుసు, తాళం.

"బల్లార్షా దాకా మీ వాళ్లే కదా ఎక్కేది, మునీమ్‌జీ. జాగ్రత్తగా రమ్మని మా అమ్మ చెప్పింది" అన్నాడు. మునీమ్ అంటే వాళ్ల భాషలో గుమాస్తా.

ఆ తర్వాత "తిరుగు టికెట్లు మీ దగ్గరే ఉన్నాయి కదా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. "మంచిది. మా దగ్గరుంటే ఎక్కడ పోతాయో ఏమో" అన్నాడు. అందులో వెటకారం ఎంత, నిజం ఎంత అని కాజీపేట దాకా ఆలోచించాను.

నవంబరు 4, సోమవారం

ఇటార్సీ, జబల్‌పూర్ నిద్రలోనే దాటిపోయాయి. నిద్ర అంటే మాటవరసకే. నా కాళ్ల దగ్గర ఒకరు, తల దగ్గర ఒకరు కూర్చున్నారు. ప్రతి స్టేషనులో ఎక్కేవాళ్లే తప్ప దిగేవాళ్లు లేరు. టికెట్ ఉన్నవాడు, లేనివాడు అన్న తేడా బోగీలో చెరిగిపోయింది. బాత్రూం దాకా వెళ్లడమంటే యాత్రలో యాత్ర.

సత్నా దాటాక మా వాళ్ల గోనెసంచి ఒకటి పిగిలిపోయింది. పండగ కోసం సికింద్రాబాద్‌లో కొన్న కొబ్బరికాయలు బోగీ అంతా దొర్లాయి. రైలు ఊపుకు ఇటు వస్తున్నాయి, అటు పోతున్నాయి. జనం కాళ్ల మధ్య నుంచి తీసి చేతులు మార్చి అందించారు. నేను లెక్కపెట్టాను. అలవాటు. ఒకటి తక్కువ వచ్చింది. మొహాన ఏదో విజయం కనిపించినట్టుంది, మేస్త్రీ తలుపు వైపు వేలు చూపించాడు. అక్కడ కాయ పగిలి ఉంది, ఒక పిల్లవాడు ముక్కలు ఏరుకుని తింటున్నాడు. వాళ్ల నాన్న వాణ్ని కొట్టబోతే మేస్త్రీ ఆపాడు.

మధ్యాహ్నం మాటలు కరోనా రోజుల మీదికి మళ్లాయి. 2020 మే 1న వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే తొలి రైలు లింగంపల్లి నుంచే ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. ఆ తర్వాత వారానికే ఎదురు దిశలో ఒక రైలు వచ్చిన సంగతి చాలామందికి గుర్తుండదు. ఖగడియా నుంచి లింగంపల్లికి, బియ్యం మిల్లుల హమాలీలతో. హోళీకి ఊరెళ్లి లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయిన వాళ్లు వాళ్లు. యాసంగి ధాన్యం దించే మనుషులు లేక ప్రభుత్వమే పూనుకుని రప్పించింది. స్టేషనులో మంత్రులు గులాబీలిచ్చి స్వాగతం చెప్పారు. మా మేస్త్రీ ఆ రైల్లోనే వచ్చాడు.

"పువ్వు చేతికిచ్చారు. చెయ్యి మాత్రం దూరంగా పెట్టి ఇచ్చారు" అన్నాడు.

"కరోనా కదా మరి."

"అవును, కరోనా. మిల్లులో గ్లాసు వేరే పెట్టింది కరోనాకు ముందా, తర్వాతా?"

బక్సర్ వచ్చింది. టీ తెస్తానని నేను లేచాను. ఆ జనంలో టీవాడి దాకా చేరలేనని ఇద్దరికీ తెలుసు.

దానాపూర్‌లో దిగేసరికి చీకటి పడింది. పట్నాలో ఖగడియా రైలుకు వ్యవధి ఉండటంతో స్టేషను బయట తిరిగాం. రోడ్డు పక్కన ఎర్రమట్టి పొయ్యిలు వరుసగా పేర్చి అమ్ముతున్నారు. ఛఠ్ వంట కొత్త పొయ్యి మీదే చేయాలి, ఎంగిలి తగలకూడదు. పట్నాలో ఆ పొయ్యిలు చేసేవాళ్లలో చాలామంది ముస్లిం మహిళలేనని, వాళ్లు కూడా పొయ్యిలు చేసినన్నాళ్లూ మాంసం ముట్టరని మేస్త్రీ చెప్పాడు.

నవంబరు 5, మంగళవారం

తెల్లవారకముందే మొకామా దగ్గర రాజేంద్ర సేతు మీద గంగ దాటాం. 1959లో తెరిచిన వంతెన. దానికి చోటు చూపించింది తొంభై ఏళ్లు దాటిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య. హైదరాబాద్‌ను మూసీ వరద నుంచి కాపాడే పథకం వేసిన పెద్దాయన చెయ్యి ఇంత దూరంలోనూ ఉందా అని ఆశ్చర్యపోయాను. అవతలి ఒడ్డున సిమరియా, హిందీ కవి దినకర్ పుట్టిన ఊరు. ఆయన 1974లో మద్రాసులో కన్నుమూశారు. ఈ సంగతి చెప్పింది పక్క బెర్తులో పొగాకు నములుతున్న ముసలాయన. ఆయన పొలం పని చేసుకునే మనిషి. దినకర్ పద్యాలు గడగడా చదివాడు, మధ్యలో కిటికీలోంచి ఉమ్మాడు, మళ్లీ అందుకున్నాడు. ఆ ఉమ్మిన చుక్క ఒకటి నా చొక్కా మీద పడింది. నా దురభిప్రాయాలు మొత్తం నిరాధారమని ఎవరూ అనుకోవద్దు.

ఖగడియా ఏడు నదుల జిల్లా అంటారు: గంగ, బూఢీ గండక్, బాగమతి, కోసి, ఇంకా వాటి పిల్ల కాలువలు. స్టేషను నుంచి ఊరికి ఆటో కరకట్ట మీదే పోతుంది. ఒకపక్క నది, ఇంకోపక్క మనుషులు. కొన్ని చోట్ల నది పక్కనే మనుషులు.

మేస్త్రీ ఇంటి గోడ మీద నా ఛాతీ ఎత్తున బురద గీత ఉంది. సెప్టెంబరు 29న బీర్‌పూర్ బ్యారేజీ నుంచి కోసిలోకి 6.61 లక్షల క్యూసెక్కులు వదిలారు. 1968 తర్వాత అంత నీరు రావడం అదే. ఆ వారంలో మేస్త్రీ మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. ఇంట్లో నీళ్లు వచ్చాయని నాకు ఒకసారి చెప్పాడు కూడా. "మీకు ఏటా వచ్చేదే కదా" అన్నట్టు గుర్తు. గీత ఎత్తు ఎంతో అడగలేదు.

వాళ్లెందుకు ఊరు వదిలి వస్తారో, భూముల్లేవా, పని చేయరా అని మిల్లులో మాట్లాడుకునేవాళ్లం. భూములున్నాయి. మొక్కజొన్న బ్రహ్మాండంగా పండే భూములు. 1950ల మొదట్లో బిహార్ మొత్తం మీద నూటఅరవై కిలోమీటర్లున్న కరకట్టలు ఇప్పుడు మూడువేల ఏడువందలు దాటాయి. కట్టలు పెరిగే కొద్దీ వరద ముంచే నేల కూడా పెరిగింది. ఒండ్రు పారాల్సిన నదిని రెండు గోడల మధ్య బిగిస్తే అడుగున ఇసుక పేరుకుని నదే పైకి లేస్తుంది. కట్ట తెగినప్పుడు పైనుంచి దూకుతుంది. మేస్త్రీ ఇదంతా పొలం గట్టున నిలబడి కాలి బొటనవేలితో గీసి చూపించాడు. ఎవరి పొలం మీద ఎంత ఇసుక మేట వేసిందో కూడా. మూడు నెలలు నీళ్లలో ఉండే పొలాన్ని నమ్ముకుని ఏడాదంతా ఎవరుంటారు?

ఈ రోజు పండగలో మొదటి రోజు. వ్రతం పట్టినవాళ్లు నదీస్నానం చేసి, సొరకాయ కూర, శనగపప్పు, పచ్చిబియ్యం అన్నం ఒక్కపూట తింటారు. వ్రతం పట్టింది మేస్త్రీ వాళ్ల అమ్మ. నేను వరండాలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. పంచాంగం ప్రకారం కార్తీక శుద్ధ చవితి, మా ఇంట్లో నాగుల చవితి. నా భార్య ఉపవాసం ఉండి పుట్టలో పాలు పోసి ఉంటుంది. ఆ మాట మేస్త్రీతో అంటే అతను లోపలికి వెళ్లి చెప్పాడు. ఆవిడ బయటికి వచ్చి నన్ను తేరిపార చూసింది.

"పాముకు పాలు పోస్తారా? మాకు నీళ్లు వస్తే పాములు ఇంట్లోకే వస్తాయి బబువా, పొయ్యి మీద కూర్చుంటాయి" అంది. అని నవ్వింది. తర్వాత విస్తరి వేయించింది.

రాత్రి పొద్దుపోయాక ఎవరి ఫోన్లోనో వార్త వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో శారదా సిన్హా పోయారు. ఛఠ్ పాటలంటే ఆవిడ గొంతే. ఊళ్లో మైకులో మోగుతున్నదీ ఆవిడ పాటే. మైకు ఒక్క క్షణం ఆగింది, మళ్లీ మొదలైంది. ఎవరూ ఆపమనలేదు. మేస్త్రీ గట్టు మీద కూర్చుని మొహం తుడుచుకుంటున్నాడు. మిల్లులో ప్రతి కార్తీకంలోనూ హమాలీల గదుల్లోంచి ఈ గొంతు వినిపించేది. "ఆపండయ్యా ఆ ఏడుపు" అని కిటికీలోంచి అరిచేది నేనే.

నవంబరు 6, బుధవారం

ఉదయం సంతకు వెళ్లాం. చేటలు, గంపలు కొనాలి. ఛఠ్‌లో అర్ఘ్యం ఇచ్చేది వెదురు చేటలోనే. వాటిని అల్లేది మన మేదరుల వంటి డోమ్ కులస్థులు. అమ్మే మనిషి చేటను నేల మీద పెట్టింది. మేస్త్రీ డబ్బు నేల మీద పెట్టాడు. ఆమె తీసుకుంది, ఇతను చేట తీసుకున్నాడు. చేతికి చెయ్యి తగల్లేదు. సూర్యుడికి చూపించే చేట, అల్లిన మనిషి మాత్రం గుమ్మం బయట.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "నువ్వూ గ్లాసు వేరే పెట్టావుగా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ విద్య మీ దగ్గర నేర్చుకున్నది కాదులెండి, మునీమ్‌జీ" అన్నాడు. అంతకు మించి ఆ మాట సాగలేదు. నాకు కాస్త ఊరట కలిగిన మాట నిజం; అతనూ నాలాగే అని. ఎంత నీచమైన ఊరటో రాత్రికి తెలిసొచ్చింది.

సాయంత్రం ఖర్నా, అంటే పండగ రెండో రోజు వ్రతం. పొద్దంతా మంచినీళ్లు కూడా ముట్టని మేస్త్రీ వాళ్లమ్మ కొత్త పొయ్యిలో మామిడి కట్టెలు పెట్టి, బెల్లం పాయసం, రొట్టెలు చేసింది. ఒంటరిగా తలుపు వేసుకుని తిన్నది. ఆ తర్వాత ముప్పైఆరు గంటలు చుక్క నీళ్లుండవు. మిగిలిన పాయసం ప్రసాదం. పిలవకుండానే ఊరంతా ఇల్లిల్లూ తిరిగి తీసుకుంటుంది.

అలా వచ్చినవాళ్లలో ఒక నడివయసు ఆడమనిషి నా ముందు ఆగింది. "తెలంగాణ మిల్లు మునీమ్ ఈయనేనా?" అని మేస్త్రీని అడిగి, జవాబు రాకముందే నా వైపు తిరిగింది.

"మా వాడి లెక్క ఎప్పుడు తేలుస్తారు?"

2022 మే నెలలో ఆమె కొడుకు కాలు మీద బస్తాల వరుస కూలింది. రైలెక్కించి పంపేశారు. సీజన్ డబ్బు తర్వాత పంపుతామన్నారు. ఫోన్ చేస్తే ఎత్తడం మానేశారు. ఆ మిల్లు మాది కాదు, మా జిల్లా కూడా కాదు. ఆ మాట చెప్పాను. ఆమెకు ఆ తేడా పట్టలేదు.

"మిల్లు ఏదైతే ఏమిటి? మీ వాళ్లంతా అంతే. మా వాళ్లు మోసినన్నాళ్లు మోయించుకుంటారు, లెక్క దగ్గర కలం మీ చేతిలో ఉంటుంది."

పిన్ని వరస పెట్టి పిలుస్తూ మేస్త్రీ అడ్డొచ్చాడు. "కాకీ, ఈయన మిగతా వాళ్లలాంటి వాడు కాదు."

వాక్యం అదే. నేను పదిమందిలో వాడిన వాక్యమే, నా వైపు తిరిగి వచ్చింది. మెచ్చుకోలుగా వినపడలేదు. కాళ్ల కింద పీట లాగినట్టుంది. నన్ను కాపాడటానికి నా ఊరినంతా దొంగల్లో వదిలేశాడు. తలెత్తి మేస్త్రీ వైపు చూస్తే అతను ఖైనీ నలుపుకుంటున్నాడు. కావాలనే అన్నాడా? ఈ రోజు దాకా అడగలేదు.

ఆమె పాయసం తీసుకుని వెళ్లిపోయింది. వెళుతూ "అందరూ తమ మనిషి గురించి అలాగే అంటారు" అంది.

నవంబరు 7, గురువారం

పొద్దున్నుంచీ ఇల్లంతా నెయ్యి వాసన. గోధుమపిండి, బెల్లం కలిపి, చెక్క అచ్చు మీద అద్ది ఠేకువాలు వేయిస్తున్నారు. నాకు ఒక పని అప్పజెప్పారు: చెరకు గడల ఆకులు చిరగకుండా కడగడం. గుమాస్తాగిరీ చేసిన చేతులకు సాయంత్రానికి గీతలు పడ్డాయి.

పట్నాలో శారదా సిన్హా అంత్యక్రియలు ఈ రోజే, గుల్బీ ఘాట్‌లో, ప్రభుత్వ లాంఛనాలతో. ఇక్కడ పాటలు మాత్రం ఆగలేదు.

ఇక్కడ పొద్దు ఐదింటికే వాలుతుంది. ఊరి కుర్రాళ్లు నాలుగు రోజులుగా రేవు దారి ఊడ్చి, నీళ్లు చల్లి, మెట్లు చెక్కారు. ఎవరూ జీతమిచ్చి పెట్టిన మనుషులు కారు. మిల్లు ఆవరణలో వీళ్లు ఉమ్మిన గోడలకు నేను రెండుసార్లు సున్నం వేయించాను. ఇక్కడ రేవు దారిలో చీపురుపుల్ల కూడా పడి లేదు. ఊడ్చేది ఎవరి నేల అన్నదాన్ని బట్టి ఉంటుంది కాబోలు.

మగవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని నడిచారు. అరటి గెలలు, దబ్బకాయలు, చిలగడదుంపలు, ఆకులతో సహా పచ్చి పసుపు కొమ్ములు, మా కొబ్బరికాయలు. ఆడవాళ్లు ముక్కు మీది నుంచి పాపిట దాకా నారింజ రంగు సిందూరం పెట్టుకుని పాడుతూ వెనక వచ్చారు. బాగమతి నీళ్లలో నడుము లోతున వరుసగా నిలబడి పడమటికి తిరిగారు.

నేను ఒడ్డున, వాళ్ల వెనక నిలబడ్డాను. మేస్త్రీ ఎక్కడున్నాడా అని వెతికాను. చొక్కాల్లేని వీపులు. మెడ కింద, వెన్నెముక మొదలయ్యే చోట, బస్తా ఆనే దగ్గర చర్మం నల్లగా మందంగా కాయకాచి ఉంటుంది. నలభై కిలోల ధాన్యం బస్తాలు, యాభై కిలోల బియ్యం బస్తాలు. మేస్త్రీ మెడ మీద ఆ కాయ నాకు బాగా తెలుసు, రూపాయి బిళ్లంత. దాన్ని బట్టి పోల్చుకుందామని చూశాను. పక్కవాడికీ ఉంది. ఆ పక్కవాడికీ. పంజాబ్ మండీల్లో మోసినవాళ్లకు, నిజామాబాద్‌లో మోసినవాళ్లకు, ఎక్కడో సిమెంటు మోసినవాళ్లకు, అందరికీ అదే చోట అదే కాయ. పిలిచి చూద్దామనుకున్నాను కానీ "మేస్త్రీ" అంటే నలుగురు తిరిగేలా ఉన్నారు.

ఇన్నేళ్లూ నేను వేరు చేసి పక్కన పెట్టిన మనిషి అందులో ఎవరో నాకు తెలియలేదు.

పొద్దు గుంకింది. రాత్రి ఇంటి ముంగిట చెరకు గడలు నిలబెట్టి, పందిరిలా కట్టి, కింద దీపాలు పెట్టారు. ఆవిడ ఇంకా నీళ్లు తాగలేదు. అయినా నాకు దుప్పటి సరిపోయిందో లేదో రెండుసార్లు అడిగింది.

నవంబరు 8, శుక్రవారం

మూడింటికే లేపారు. చలి. మళ్లీ అదే రేవు, ఈసారి తూర్పు ముఖం. ఉదయించే పొద్దు కంటే ముందు అస్తమించే పొద్దుకు మొక్కే పండగ ఇది. అర్ఘ్యానికి పంతులు ఉండడు, మంత్రం ఉండదు. చేట పట్టుకుని నీళ్లలో నిలబడిన మనిషి ముందు ఎవరైనా పాలు, నీళ్లు ధార పోయవచ్చు.

ఆరింటికి మంచులోంచి ఎర్రగా అంచు కనిపించింది. మేస్త్రీ ఇత్తడి చెంబు నా చేతికిచ్చాడు. ప్యాంటు మోకాలి దాకా మడుచుకుని దిగాను. అది సరిపోలేదు, నడుము దాకా తడిసింది. ఆవిడ చేతులు వణుకుతున్నాయి, చేట మాత్రం వంకర పోలేదు. పాలు పోశాను. ఎవరూ నా కులం అడగలేదు, నా ఊరు అడగలేదు. నిజానికి ఎవరూ నన్ను చూడలేదు. అందరి చూపూ పొద్దు మీదే.

ఒడ్డుకొచ్చి అల్లం ముక్క, బెల్లం, నీళ్లతో ఆవిడ ఉపవాసం విడిచింది.

తడి బట్టలు మార్చుకున్నాక ఆ ఆడమనిషి ఇంటికి తీసుకెళ్లమని మేస్త్రీని అడిగాను. "ఎందుకు?" అన్నాడు. లెక్క చూస్తానన్నాను.

కొడుకు కుంటుతూ వచ్చి పీట వేశాడు. బడి నోటు పుస్తకం తెచ్చి ఇచ్చాడు. తేదీ, దించిన బస్తాలు, ఎక్కించిన బస్తాలు, రేటు. కొట్టివేతల్లేవు. అడ్వాన్సు తీసుకున్న రోజు ఎర్ర సిరాతో. ఒక పేజీ మూలన నెత్తుటి మరకో, బెల్లం మరకో తెలియని గోధుమ రంగు చుక్క. నేను పెన్ను తీసి మొదటి నుంచి కూడి చూశాను. వాళ్లమ్మ నిలబడే ఉంది. రెండోసారి కింద నుంచి పైకి కూడి చూశాను. అడ్వాన్సు పోగా 11,640 రూపాయలు. అతను రాసుకున్నదీ అంతే.

"కూడిక సరిగ్గా ఉంది" అన్నాను.

"సరిగ్గా ఉందని మాకు తెలుసు" అంది ఆమె.

పేజీలన్నిటికీ ఫోన్లో ఫొటోలు తీసుకున్నాను. మిల్లు పేరు, అక్కడి గుమాస్తా పేరు రాసుకున్నాను. ఆ గుమాస్తా నాకు తెలుసు. మా వ్యాపారంలో అందరం ఒకరికొకరం తెలుసు. డబ్బు ఇప్పిస్తానని మాత్రం ఆమెకు చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు, నమ్మవలసిన పనీ లేదు.

నవంబరు 9, శనివారం

బయలుదేరే ముందు టికెట్లు తీసి ఎవరివి వాళ్లకు పంచాను. మేస్త్రీ తన టికెట్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "పోగొట్టుకుంటామేమో, మునీమ్‌జీ" అన్నాడు. "పోతే బాత్రూం దగ్గర కూర్చుని వద్దువుగాని" అన్నాను. వాళ్లమ్మ నా సంచిలో ఠేకువాలు కుక్కింది. ఎన్నో లెక్కపెట్టలేదు.

ముఠాలో ఇద్దరు రామన్నారు. ఇసుక మేట తీసి మొక్కజొన్న వేయాలట, డిసెంబరులో వస్తారట. మా యజమానికి ఫోన్ చేసి చెప్పాను. "నిన్ను పంపింది ఎందుకు మరి?" అని కేకలేశారు. డిసెంబరులో వస్తారని మళ్లీ చెప్పాను. "వస్తారని నీకెలా తెలుసు?" అన్నారు. మొక్కజొన్న విత్తాక ఇక్కడ వాళ్లకు పనుండదండీ, అన్నాను. అది వ్యవసాయం తెలిసిన మాట కాబట్టి ఆయనకు ఎక్కింది.

తిరుగు రైలు వచ్చినంత రద్దీ లేదు. ఇద్దరం మధ్య బెర్తు దించుకుని, కాగితం మీద పులి–మేక గీసుకుని ఆడాం. మేకలుగా ఠేకువా ముక్కలు పెట్టాం. చచ్చిన మేకను పులి తినేయవచ్చు. నాగపూర్ వచ్చేసరికి మేకలు అయిపోయాయి.

నవంబరు 12, మంగళవారం

మిల్లు. గేటు బయట లారీల వరస అలాగే ఉంది. మేస్త్రీ మనుషులు పొద్దున్నే పనిలోకి దిగారు. మొదటి లారీ దించాక అతను వచ్చి లెక్క చెప్పాడు. పుస్తకంలో వేసుకున్నాను. నేను లేవనందుకు కాసేపు ఆగి చూసి, రెండో లారీ దగ్గరికి వెళ్లాడు. మంచినీళ్ల దగ్గరి వేరే గ్లాసును తీసేయించాను. అక్కడి పిల్లవాడు "మరి వాళ్లు దేంతో తాగుతారు సార్?" అని అడిగాడు. మిగతా గ్లాసులు చూపించాను.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆ రెండో మిల్లు గుమాస్తాకు ఫోన్ చేశాను. కుశలం అయ్యాక సంగతి చెప్పాను. అతను నవ్వాడు.

"బిహార్ వాళ్ల మాట పట్టుకుని ఫోన్ చేశారా అన్నా? వాళ్లు పుస్తకంలో ఎంతైనా రాసుకుంటారు."

"నేను రెండుసార్లు కూడి చూశాను. కూడిక తప్పితే చెప్పు."

"రెండేళ్లయింది. ఆ పుస్తకాలు ఎక్కడున్నాయో ఏమో."

"గుమాస్తా పుస్తకాలు ఎక్కడ పెడతాడో నాకు తెలియదా? 2022 యాసంగి హమాలీ పుస్తకం తియ్యి. లైన్లోనే ఉంటాను."